కంటి క్యాంపుకు ఇద్దరం

నారాయణఖేడ్‌ల మా ఇంట్లనే నేను జాకెట్లు కుడ్త. మా గోడకు ఆనుకొని ఒక అక్క ఇల్లు, ఆపా అని పిలుస్త. ఆమె భర్త బండ్లు రిపేరు చేస్తడు. నాకంటె పదేండ్లు పెద్దది. ఇంట్ల ఉర్దూ మాట్లాడినా, నాతోని మాత్రం మాలెక్కనే తెలుగు మాట్లాడేది.

అసుంటి ఆమెతోని రెండేండ్లు మాటల్లేకుండ ఉన్న. కొట్లాటేం కాలే. ఒకసారి అంగట్ల ఎదురొస్తే నవ్విన. నా మొకం దిక్కే చూసుకుంట పక్క నుంచి పోయింది. ఇంకోసారి ఒక పెండ్లిల చెయ్యి ఊపిన. అప్పుడూ అంతే. నేనేం తప్పు చేసిన? తర్వాత ఇద్దరు ముగ్గురు గిరాకీలు వేరే టైలర్ కాడికి పోయిన్రు. ఈమెనే ఏదో చెప్పి ఉంటదని ఖాయం చేసుకున్న. ఆమె కనవడితే తలుపేసుకునుడు మొదలువెట్టిన.

గప్పుడే మా బిడ్డకు చదువు చెప్పిన రిటైర్డ్ సారు ఇంటికొచ్చిండు. ఊర్ల సేవా క్లబ్బు పెట్టినం, రమ్మన్నడు. "నలుగురు కలిసి ఒక పని చేస్తే దోస్తానీ అయితది, దోస్తానీ ఉన్న కాడ కొట్లాటలుండయమ్మా" అన్నడు. ఈయనకు దీంట్ల ఏం లాభమో అనుకుంటనే పోయిన. బడి గదిల చాప మీద ముందే కూసొని ఉంది ఆపా.

సారు మా ఇద్దరికీ కంగ్టి దిక్కు ఒక ఊరు అప్పజెప్పిండు. ఇల్లిల్లు తిరిగి కంటి క్యాంపు సంగతి చెప్పి, పేరు, ఆధార్ నంబరు రాసుకోవాలె. "పక్కపక్క ఇండ్లోళ్ళు, ఒక్క ఆటోల పోవచ్చు" అన్నడు. ఇది ఆపానే చెప్పి చేయించిందా? నన్ను ఊర్ల పలచన చేస్తందుకా? తొవ్వ పొడుగునా గిదే ఆలోచన. ఇద్దరి నడుమ కరపత్రాల సంచి పెట్టుకొని, ఎవరి దిక్కు వాళ్ళం చూసుకుంట పోయినం.

ఆ ఊర్ల ఒక అవ్వ వాకిట్ల కందులు చెరుగుతుంది. కండ్లల్ల తెల్లగ పొర కనవడ్తుంది. క్యాంపు మాట ఎత్తంగనే చాట కింద పెట్టింది.

"పేరెందుకు? ఆధార్ ఎందుకు? భూమి రాయించుకుంటున్రా? కండ్లు తీసి వేరేటోళ్ళకు పెడ్తరంట గదా!"

కాయితం మీద ఉన్న ముచ్చట అంత చదివి చెప్పిన. అవ్వ ఇంకింత బిగుసుకుంది. ఆపా మాత్రం కింద కూసొని, చాటల రాళ్ళు ఏరుకుంట మెల్లగ అన్నది: "అవ్వా, నా కండ్లు చూడు. రెండేండ్ల కింద మనిషి ఎదురొస్తే పొగ లెక్క కనవడేది. కోడలి ముందు చులకనైతనని ఇంట్ల చెప్పలే. ఎవరన్న నవ్వినా తెల్వకపోయేది. ఆఖరికి బీదర్‌ల మా చెల్లె ఆపరేషన్ చేయించింది."

అవ్వ ఆమె మొకం పట్టుకొని దగ్గర్నుంచి చూసింది. "ఇగ పేరు రాసుకోర్రి. ఆధార్ మాత్రం ఇయ్య."

ఆటో కోసం నిలవడ్డప్పుడు నేనే అడిగిన. "గదంత నిజమేనా ఆపా? నాకు వినవడాలనే చెప్పినవా?"

"అబద్ధం నాకెందుకు?"

"మరి నా గిరాకీలకు ఏం చెప్పినవ్?"

ఆమె మొకం ఎర్రగైంది. "నీ కుట్టు గురించి నేనెందుకంట? నన్ను చూస్తే నువ్వు తలుపేసుకుంటివి. మా ఇంటి కూర వాసనకు గిట్ల చేస్తుందేమో, మేము ముసల్మానులమనేమో అనుకొని ఎన్ని దినాలు ఏడ్చిన్నో తెలుసా?"

ఆమె కూడ నన్ను అనుమానిస్తుందన్న ఆలోచనే నాకు ఏనాడు రాలే. "గది కాదు ఆపా" అన్న. నమ్మిందో లేదో. నాకు సుత పూర్తిగ నమ్మకం కుదరలే. కానీ వచ్చేటప్పుడు సంచి కాళ్ళ కాడ పెట్టుకున్నం.

క్యాంపు దినం అవ్వ వచ్చింది. కండ్లల్ల చుక్కల మందు వేసి, కొంచెం సేపు తెరవొద్దన్నరు. అవ్వ రెండు చేతులు చాపింది. "మీ ఇద్దరు చెరో పక్క కూసోండ్రి. లేస్తే నాకు తెలుస్తది" అన్నది. చెరో చెయ్యి పట్టుకున్నం. నిమిషానికోసారి అవ్వ అడుగుతనే ఉంది.

"ఉన్నరా?"

"ఉన్నం అవ్వా" అన్నం ఇద్దరం.