పదిహేడో నంబరు లకుముకి పిట్ట

మొన్న మా మేనకోడలు ఒక కార్డు తెచ్చి చూపించింది. ముప్పై దాటిన మనిషి, పళ్ళ డాక్టరు, అయినా ఫుట్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మల కార్డులంటే ప్రాణం. దాన్ని ఎక్కడో విదేశానికి పంపితే, వాళ్ళు పరీక్షించి అసలుదేనని తేల్చి, పదికి తొమ్మిది మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి తిప్పి పంపారట. "ఇక దీన్ని ఎవరూ ముట్టుకోలేరు మామయ్యా. ఇరవై ఏళ్ళు పోనీ, అప్పుడు చూద్దువుగాని దీని విలువ" అంది. నేను పెట్టెను అటూ ఇటూ తిప్పి, ఆ మార్కులు వేసినవాళ్ళకు ఎవరు మార్కులు వేశారే అని అడిగాను. తను నవ్వేసి కార్డును సంచిలో పెట్టేసుకుంది. ఎగతాళికి అడిగాననుకుంది కాబోలు. నేను నిజంగానే అడిగాను, ఎందుకంటే అలాంటి ప్రశ్న ఒకటి పదిహేనేళ్ళ కిందట మా ఇంట్లో అందరికీ తిండి సయించకుండా చేసింది.

మా మేనత్త, అంటే నాన్నకు చెల్లెలు, అప్పట్లో నాంపల్లిలోనే ఒక ప్రభుత్వాఫీసులో రికార్డుల సెక్షను చూసేది. స్టేషను వెనక సందులో మా ఇంటి మేడ మీది గది ఆమెది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు తీరిక దొరకలేదని చెప్పేది, అడిగినవాళ్ళు కూడా ఆమె ముఖం చూసి నిజమే అయ్యుంటుందని ఊరుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి కాగితాల్లో దొంగ సంతకాలు పట్టుకున్న కళ్ళు అవి. వాటికి లోకంలో ప్రతిదీ పరీక్షకు వచ్చిన కాగితమే. అమ్మ తేనె కొంటే చెంచాడు నీళ్ళలో వేసి చూసేది. నా పెళ్ళి శుభలేఖలు అచ్చయి వస్తే, ముహూర్తం చదవడానికి ముందు కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. పెళ్ళికూతురి పేరు తప్పు పడిందన్న సంగతి మర్నాడు అమ్మ కనిపెట్టవలసి వచ్చింది.

ఆమె అసలు ఆస్తి ఒక రేకు డబ్బాలో ఉండేది. ఆమె చిన్నతనంలో చూయింగ్ గమ్ పొట్లాల్లో పక్షుల బొమ్మల కార్డులు వచ్చేవట, పొట్లానికి ఒకటి, మొత్తం యాభై. ఆ యాభై పూర్తిగా ఉన్నవాళ్ళు హైదరాబాద్‌లో ఎందరో నాకు తెలియదు గానీ, మా అత్త లెక్క ప్రకారం ఒక్కరే, ఆవిడే. అబిడ్స్‌లో ఆదివారం షాపులు మూసి ఉంటాయి కదా, ఆ షట్టర్ల ముందు పరిచే పాత పుస్తకాల మధ్య ఇలాంటి కార్డులు, స్టాంపులు, అగ్గిపెట్టెల బొమ్మలు కూడా అమ్మకానికి వచ్చేవి. ఇడ్లీ తిని, చేతిసంచిలో భూతద్దం వేసుకుని ఆమె బయలుదేరేది. తోడు నేను. కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు ఆమె కోసం కార్డులు పట్టుకుని నిలబడేవాళ్ళు. ఆమె అంచులు చూసి, వాసన చూసి, అద్దం పెట్టి చూసి ఒకే ఒక్క మాట చెప్పేది. ఆ మాటకు అప్పీలు లేదు.

అన్నిటికన్నా అరుదైనది పదిహేడో నంబరు, లకుముకి పిట్ట. దానికి ఆమె ఒక గుర్తు కనిపెట్టింది. మిగతా నలభై తొమ్మిదింటికీ వెనకవైపు అక్షరాలు నున్నగా ఉంటాయి, పదిహేడుకు మాత్రం వేలికి గరుగ్గా తగులుతాయి. అంటే ఈ ఒక్కదాన్నీ కంపెనీవాళ్ళు విడిగా, వేరే మిషను మీద, కొద్దిగానే అచ్చు వేశారన్నమాట, అందుకే అది దొరకదన్నమాట. ఎంత బాగా అతికిందో చూడండి. అబిడ్స్ అంతా ఈ గుర్తును అప్పజెప్పేది. అక్షరాలు వేలికి తగలని లకుముకి పిట్టను ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు.

అక్కడ కార్డులు పెట్టే ఒకాయన ఉండేవాడు. నల్గొండ వైపు పల్లె నుంచి, సేద్యం వదిలి వచ్చినవాడు. నేను అన్నా అనేవాణ్ణి, అత్త తమ్ముడూ అనేది. దాచుకోవాలని అందరూ దాచుకున్నది ఎప్పటికీ ధర పలకదని, ఎవరో దాచి మరిచిపోయిందే పలుకుతుందని ఆయన నమ్మకం. పదిహేనేళ్ళ కిందటి ఆ ఆదివారం గౌలిగూడలో ఒక ఇల్లు ఖాళీ చేస్తుంటే దొరికిందని ఒక లకుముకి పిట్టను బయటికి తీశాడు. బేగం బజార్‌లో మసాలాల షాపున్న సేటు ఒకాయన, మాకు పాత పరిచయమే, దాన్ని చేతిలో పట్టుకుని మా అత్త కోసం కాచుకుని ఉన్నాడు. ఆమె అద్దం కూడా తీయలేదు. బొటనవేలితో వెనక ఒకసారి రాసి చూసి, "నకిలీ" అని ఇచ్చేసింది. సేటు కార్డు కింద పెట్టి వెళ్ళిపోయాడు. అతని వెనకే డబ్బా తిరగేస్తున్న ఇద్దరు ముగ్గురు కూడా చేతులు దులుపుకుని లేచారు.

కార్డులాయన గొంతు పెంచలేదు. "అక్కా, వేలికి తగలాలన్న గుర్తు ఎవరి కార్డు జూసి జెప్పినవ్?" అన్నాడు.

"నాది చూసి."

"నీకు గది ఏడికెళ్ళి వచ్చింది?"

"మా అన్నయ్య తెచ్చాడు."

"మరి అన్నకు ఏడికెళ్ళి వచ్చింది?"

అత్త చేతిసంచి భుజాన వేసుకుని ఇంటిదారి పట్టింది. ఇంటికి రాగానే డబ్బా తీసి, లోకంలో అందరి కార్డులకూ పెట్టిన అద్దాన్ని తన పదిహేడుకు పెట్టింది. నలభై ఏళ్ళలో ఎప్పుడూ పెట్టలేదట. ఇంట్లో మనిషిని ఎవరైనా ఆధార్ కార్డు అడుగుతారా? మిగతా పిట్టల మీద రంగు చుక్కలు గసగసాల్లా సన్నగా ఉన్నాయి. లకుముకి పిట్ట రెక్క మీద ఆవగింజలంత ఉన్నాయి, బొమ్మను చూసి మళ్ళీ అచ్చు వేసిన నకిలీల్లో ఉన్నట్టు.

నాన్న వరండాలో కాఫీ తాగుతున్నాడు. అత్త కార్డు చూపించగానే గ్లాసు కింద పెట్టేశాడు. "నీకు టైఫాయిడ్ అప్పుడు. పదిహేడో నంబరు రాలేదని గోడవైపు తిరిగి పడుకునేదానివి. ఎన్ని పొట్లాలు కొన్నా గుడ్లగూబే వచ్చేది" అని మొదలుపెట్టాడు. ఆయన అప్పుడు ఒక ప్రెస్సులో కంపోజిటరు. పక్కింటివాళ్ళ దగ్గర కార్డు ఒక్కరోజుకు అడిగి తీసుకుపోయాడు. ప్రెస్సులో ఏదో బీడీల క్యాలెండరు పని నడుస్తోంది. షీటు అంచున నాలుగు వేళ్ళ ఖాళీ ఉంటే, ప్లేటు చేసే ఆయన్ని బతిమాలి పిట్టను అందులో పెట్టించాడు. వెనక అక్షరాలు తనే కూర్చి, కాలితో తొక్కే ట్రెడిల్ మిషను మీద కొట్టాడు. "కొత్త చెయ్యి, కాస్త గట్టిగా పడ్డాయి" అన్నాడు. క్యాలెండర్లు ఎన్ని అచ్చయితే పిట్టలూ అన్ని పడ్డాయట. ఒక్కటి తప్ప మిగతావన్నీ చిత్తుకాగితాల్లో పోయాయి.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం అన్నయ్యా?"

"చెబితే మళ్ళీ జ్వరం వస్తుందేమోనని."

"నలభై ఏళ్ళూనా?"

నాకు నవ్వొచ్చింది గానీ నవ్వే సమయం కాదు. నాన్నే మళ్ళీ, ఊరుకో, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. నిజమే, మా ముగ్గురికి తప్ప తెలియదు. ఊరుకుంటే ఆమె యాభై యాభైగానే ఉంటాయి, ఆమె మాట మాటగానే ఉంటుంది. "ఆ కార్డులాయన డబ్బా మూసుకోవలసి వస్తుంది అన్నయ్యా" అంది అత్త. అని పైకి వెళ్ళిపోయింది. సోమవారం అన్నం సగంలో వదిలేసింది. మంగళవారం నాన్న వదిలేశాడు. బుధవారం అమ్మ ఇద్దరినీ తిట్టింది. గురువారం రాత్రి భోజనాల దగ్గర అత్త ఉన్నట్టుండి, ఆ క్యాలెండరు మీద ఏం బొమ్మ అని అడిగింది. నాన్న చాలాసేపు ఆలోచించి, వీణ పట్టుకున్న ఒక అమ్మాయి అన్నాడు. ఆ అమ్మాయి ఎలా ఉండేదని అమ్మ అడిగింది. అప్పటికి కాస్త గాలి ఆడింది.

ఆదివారం మేము వెళ్ళేసరికి ఆయన దగ్గర పాత ఇంటర్ పుస్తకాలే పరిచి ఉన్నాయి. కార్డుల డబ్బా లేదు. "తెచ్చినగని తియ్యలే అక్కా" అన్నాడు ఆయన పుస్తకాలు సర్దుకుంటూనే. "పోయిన వారం నువ్ పోయినంక ఒక్కరు ముట్టలే. ఒక్కటి దొంగదంటే అన్ని దొంగయే గదా." అత్త తీయమంది. ఆయన తీశాడు. ఈసారి ఆమె ఆ లకుముకి పిట్టకు అద్దం పెట్టి చూసింది, చుక్కలు గసగసాల్లా సన్నగానే ఉన్నాయి. ఆ ఎండలో గంటన్నర నిలబడింది, సేటు వచ్చేదాకా. సేటు వచ్చాడు, చూసేవాళ్ళు పోగయ్యారు. అప్పుడు ఆఫీసులో హాజరు పిలిచే గొంతుతో అంది: "ఈయన కార్డు అసలుది. నాది నకిలీ. నేను చెప్పిన గుర్తు తప్పు. నా మాట విని వెనక్కిచ్చినవాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే వాళ్ళకూ చెప్పండి."

సేటు తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. "అరే మేడం, మీ మాట ఇని నేను మూడు పిట్టలు ఇడిశిపెట్టిన!" అని ఘొల్లుమని నవ్వాడు. అత్త ముఖం ఎర్రబడింది, ఆ తరువాత ఆమెకూ నవ్వు ఆగలేదు. ఆమె అలా కళ్ళ నీళ్ళు వచ్చేటట్టు నవ్వడం నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. కార్డుల అన్న లకుముకి పిట్టను ఆమె చేతిలో పెట్టబోయాడు. "నీ లెక్క పూర్తయితది అక్కా, ఉంచుకో." ఆమె దాన్ని చాలాసేపు చూసింది. ముందు అడిగింది ఆయన, ఆయనకే ఇవ్వు అని సేటు వైపు తోసేసింది. యాభై అన్న మాట ఆ రోజుతో నలభై తొమ్మిది అయింది. నాన్న చేసిన పిట్ట ఉన్నచోటే ఉంది, దాని నంబరు మాత్రం ఆమె లెక్కలో చేర్చదు.

అన్న పుస్తకాల కట్ట ఒకటి జరిపి, తను కూర్చునే ప్లాస్టిక్ స్టూలు ఆమె వైపు తోశాడు. ఇప్పటికీ ఆదివారం ఆమె ఆ స్టూలు మీదే, ఆయన వైపునే కూర్చుంటుంది. ఎవరైనా కార్డు చూపిస్తే ఒక్క మాటతో సరిపెట్టదు, తనకు ఏది తెలుసో, ఏది తెలియదో విడివిడిగా చెబుతుంది, వినేవాళ్ళకు విసుగు పుట్టేదాకా. ఈయనది అసలుది, నాది నకిలీ, గుర్తు తప్పు అన్న ఆ మూడు ముక్కలు చెప్పడానికి ఆ రోజు ఆమెకు అర నిమిషం కూడా పట్టలేదు. దానికి ముందు గడిచిన వారం ఉంది చూశారూ, ఆ తరువాతి పదిహేనేళ్ళనూ దాని పక్కన పెడితే ఈ పదిహేనేళ్ళే పొట్టిగా కనిపిస్తాయి నాకు.