రాజేశం పన్ను నొప్పి తగ్గిపోయింది

2021 వానాకాలం. సిరిసిల్లలో నేను డెంటల్ క్లినిక్ పెట్టి అప్పటికి పదకొండేళ్లు. మాది కోరుట్ల, పెళ్లయ్యాక ఇటు వచ్చాను. రెండు గదులు, ఒక కుర్చీ, పొద్దంతా వినిపించే సాంచాల చప్పుడు. మరమగ్గాన్ని ఇక్కడ సాంచా అంటారు. పన్ను నొప్పి ఉన్నవాళ్లలో చాలామంది ముందు లవంగం పెట్టి చూస్తారు, తర్వాత తంబాకు పెడతారు, మెడికల్ షాపు మాత్రలు కూడా పనిచేయకపోతే అప్పుడు నా దగ్గరికి వస్తారు. రోజూ అవే మాటలు చెప్పీ చెప్పీ నా గొంతు వింటే నాకే విసుగొచ్చే రోజులవి.

రాజేశం తంగళ్ళపల్లి నుంచి వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. సాంచాలు నడుపుతాడు. కుడి దవడ అరచేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"ఎన్ని దినాల సంది?" అనడిగాను.

"మొదలు చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుండె మేడం. అది ఆర్నెల్ల సంది ఉన్నది. గిప్పుడు ఏం తాగకున్నా గుంజుతుంది. పండుకుంటే ఇంకా ఎక్కువ. మూడు దినాలాయె కన్ను మూయక."

జబ్బు ఎంతవరకు వచ్చిందో ఆయనే చెప్పేశాడు. పన్ను పైపొర పుచ్చితే చల్లనిదో తీయనిదో తగిలినప్పుడు జివ్వుమని, వెంటనే పోతుంది. అప్పుడే వస్తే ఫిల్లింగ్‌తో, అంటే పుచ్చు తీసి ఆ గుంట నింపడంతో సరిపోతుంది. పుచ్చు పల్ప్ దాకా పోతే ఏమీ తగలకుండానే నొప్పి లేస్తుంది. పంటి నడుమ నరం, రక్తనాళాలు ఉండే మెత్తని భాగాన్ని పల్ప్ అంటాం. ఆ చెడిన పల్ప్ తీసి, లోపల శుభ్రం చేసి మూసేయడమే రూట్ కెనాల్. ఎక్స్‌రే తీశాను. కింది దవడపన్నులో పుచ్చు పల్ప్‌ను తాకేసింది.

"ఇయ్యాల్నే మొదలువెడదాం. మూడుసార్లు రావాలె."

"చీరల ఆర్డర్ నడుస్తుంది మేడం. సాంచా ఇడిసిపెట్టి రానియ్యరు. గోలీలు రాయుండ్రి, ఆర్డర్ అయినంక వస్త."

కూర్చోబెట్టి నచ్చజెప్పాల్సింది. బయట ఇంకా ఏడుగురున్నారు. మధ్యాహ్నం తిండి కూడా తినలేదు. మాత్రలు రాసిచ్చాను. వెళ్లేటప్పుడు ఆయనతో ఏదో అన్నాను. రోజూ అందరికీ చెప్పేదే అయ్యుంటుంది.

నెలన్నర తర్వాత ఒక పొద్దున క్లినిక్ తాళం తీస్తుంటే ఆటో వచ్చి ఆగింది. రాజేశాన్ని ఆయన భార్య భాగ్య పట్టుకుని దింపింది. వాచి మెడ, గడ్డం ఏకమైపోయాయి. భుజం మీది తువ్వాలతో చొంగ తుడుచుకుంటున్నాడు.

"జర సూడుండ్రి మేడం. నిన్న నిమ్మకాయంత ఉండె వాపు. గిప్పుడు ఉమ్మి గూడ మింగుతలేడు."

నోరు తెరవమంటే ఒక్క వేలు కూడా దూరలేదు. దవడ కింద రెండు పక్కలా వాపు చెక్కలా గట్టిపడింది. నాలుక పైకి లేచిపోయింది. ఒళ్లు కాలుతోంది.

"నొప్పి మళ్ల ఎప్పుడు లేచింది?"

"మొన్నటిదాంక నొప్పే లేకుండె," అంది భాగ్య. "గోలీలు మింగిన వారానికే పోయింది. మంచిగ తిన్నడు, మంచిగ పని చేసిండు."

ఆ వారంలో నొప్పి పోవడానికి కారణం పల్ప్ చచ్చిపోవడం. నరం చచ్చాక నొప్పి తెలియదు. క్రిములు మాత్రం వేరు చివరి నుంచి ఎముకలోకి దిగి చీము పట్టిస్తాయి. అది నాలుక కిందికి, మెడలోకి పాకితే ఊపిరి దారి మూసుకుపోతుంది.

రాజేశం వేలితో పన్ను చూపించి, పీకేయమని సైగ చేశాడు. "ఇది నా కుర్చీల అయ్యేది కాదు. కరీంనగర్ పోవాలె, ఇప్పుడే," అని అంబులెన్స్‌కు ఫోన్ చేశాను. క్లినిక్ మూసి నేనూ ఎక్కాను.

పడుకుంటే గొంతు మూసుకుపోతుందని ఆయన్ని కూర్చోబెట్టే తీసుకెళ్లాం. సగం దారిలో అలసిపోయి పక్కకు వాలిపోయాడు. గొంతులోంచి గురక లాంటి చప్పుడు వచ్చింది. భాగ్య ఒక పక్క, నేనొక పక్క లేపి పట్టుకున్నాం.

"పన్నుకు పానం పోతదా మేడం?" అనడిగింది.

"గట్టిగ పట్టుకో," అన్నాను.

ఆసుపత్రిలో ముందు మెడకు రంధ్రం చేసి ఊపిరి గొట్టం వేశారు. తర్వాత దవడ కింద కోసి చీము తీశారు, పన్ను తీశారు. రెండు రోజులు ఏ సంగతీ చెప్పలేమన్నారు. మూడో రోజు జ్వరం దిగింది.

గొట్టం తీసేశాక చూడ్డానికి వెళ్లాను. గొంతు బొంగురుగా ఉంది, మాట వస్తోంది. అప్పటిదాకా అణచుకున్న కోపం నా నోటి నుంచి బయటికొచ్చింది.

"ఆర్డర్ అయినంక వస్త అంటివి గదా, ఎందుకు రాకపోతివి?"

ఆయన నా వైపు అమాయకంగా చూశాడు.

"మీరే అన్నరు గద మేడం, మళ్ల నొప్పి లేస్తే రమ్మని. లేవలే. గందుకే రాలే."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. డాక్టరు చెప్పినట్టు విన్నాననే ధీమా ఉంది. గ్లవ్స్ విప్పుకుంటూ, ఎదుటి మనిషి ముఖం చూడకుండా, పదకొండేళ్లుగా ఎంతమందికి ఆ మాట చెప్పానో.

రాజేశం రెండు నెలలకు మళ్లీ పనికి వెళ్లాడు. దవడ కింద మచ్చ ఉండిపోయింది. ఆయన పంటి గురించి నేను కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు. అదంతా కాలేజీలో చదివిందే. నేను నేర్చుకున్నది నా నోటి మాట గురించి. ఇప్పుడు మాత్రలు రాస్తే, గ్లవ్స్ తీయకముందే ముఖం చూసి చెబుతున్నాను: నొప్పి పోయినా రావాలె. మూతి వాచినా, జ్వరమొచ్చినా తెల్లారేదాంక ఆగొద్దు. నోరు తెరవరాకున్నా, మింగరాకున్నా నా దగ్గరికి గూడ కాదు, సీదా పెద్దాసుపత్రికి పోవాలె.

మాత్రలు తీసుకెళ్లినవాళ్లకు వారం తర్వాత ఫోన్ కూడా చేస్తున్నాను. చాలామంది "తగ్గింది మేడం" అని పెట్టేస్తారు. ఓపిక ఉన్న రోజూ, లేని రోజూ మళ్లీ చేస్తాను. పదిమందిలో నలుగురు వస్తారు.