ఇషిత చూపిన ఒక్క వేలు

"వేళ్ళు సక్కగ చూపియ్యి బిడ్డా."

"చూపించాగా కోచ్! వన్. జస్ట్ వన్!"

"ఒకటైతే ఎడమకాలు ఎందుకు ఈడుస్తున్నవ్?"

"అయామ్ నాట్ లయింగ్! సాటర్డే రేస్ పెట్టుకుని నన్నెందుకు ఆపుతున్నారు?"

విండ్సర్‌లోని ఇండోర్ ట్రాక్ పక్కన, సామాన్ల గది తలుపు దగ్గర జయదేవ్ ఆగిపోయాడు. లోపల అరుస్తున్నది తన కూతురు. బతిమాలుతున్నది కోచ్ కొమరయ్య. ఆయన ఎవర్నైనా బతిమాలడం జయదేవ్ ఇంతవరకూ వినలేదు.

కొమరయ్య పగలు ఫ్యాక్టరీలో కార్లకు సీట్లు బిగిస్తాడు, సాయంత్రం పిల్లల్ని పరిగెత్తిస్తాడు. సిద్దిపేట దగ్గర బడిలో డ్రిల్లు సారుగా ఉన్నప్పుడు ఆయన చేతిలో బెత్తం ఉండేది. "నొస్తుందారా?" అంటే పిల్లలు భయంతో "లే సార్" అనేవాళ్ళు, కుంటుతూనే పరిగెత్తేవాళ్ళు. ఇక్కడ బెత్తం కుదరదు, గదమాయిస్తే తల్లిదండ్రులు ఊరుకోరు. గత్యంతరం లేక అడగడం నేర్చుకున్నాడు. ప్రతి రౌండు తర్వాత నొప్పి ఎంతుందో పిల్లలు వేళ్ళతో చూపాలి. ఒకటైతే పరిగెత్తు, మూడైతే నడువు, ఐదైతే కూర్చో. చూపిన వేళ్ళను అనుమానించకూడదని తనకు తాను నియమం పెట్టుకున్నాడు. తమను నమ్ముతున్నాడని తెలిశాకే పిల్లలు నిజం చెప్పడం మొదలుపెట్టారు. కోచ్‌గా ఆయనకున్న విద్య అంతా అదే.

ఇషిత నెల నుంచి ఒక్క వేలే చూపుతోంది. అందుకే ఆమెకు పరుగు పెంచాడు. మళ్ళీ పెంచాడు.

ఇండియా నుంచి వస్తూ సూట్‌కేసులో పచ్చళ్ళ పక్కన కుక్కుకొచ్చిన నొప్పి మాత్రలు జయదేవ్‌కు గుర్తొచ్చాయి. "డాడీ, కాలు లాగుతోంది" అని పిల్ల అన్నరోజు ఒకటి ఇచ్చాడు. పనిచేసింది. అప్పట్నుంచి ప్రాక్టీసుకు వచ్చే దారిలో, కారులోనే, నీళ్ళ బాటిల్‌తో పాటు ఒక మాత్ర. తలనొప్పికి వేసుకోమా ఏంటి అనుకున్నాడు. పిల్ల అబద్ధమాడలేదు. దానికి నిజంగానే తెలియలేదు.

తలుపు తోసి చెప్పేశాడు. కొమరయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కింద కూర్చుని, ఇషిత కాలి ఎముక వెంబడి బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాడు.

"నొస్తుందా?"

"నో."

చీలమండకు కాస్త పైన చిన్న వాపు. దాని మీద నొక్కాడు.

"నో. సీ? ఐ టోల్డ్ యూ!" ఇషిత గెలిచినట్టు నవ్వింది.

ఆ నవ్వు చూసి కొమరయ్య వాపు మీద నుంచి వేలు తీసేశాడు. లేచి జయదేవ్‌ను పక్కకు తీసుకెళ్ళాడు.

"పొద్దుగాల్నే డాక్టర్ దగ్గరికి పోదాం సార్. రేసు లేదని నేనే చెప్త బిడ్డకు. మీరు ఒక్క పని చెయ్యిండ్రి. ఇయ్యాల ఏడ్చినా సరే, ఆ గోలి మాత్రం ఇయ్యకుండ్రి. నొప్పి రానియ్యిండ్రి. యాడ ముట్టుకుంటే అరుస్తదో చూసి నాకు ఫోన్ చెయ్యిండ్రి. ఎంత చెడగొట్టిననో నాకు ఎరుక కావాలె."