నాలుగు పిన్నుల పులి

“పులిపిల్ల ఉందంటే తల్లి కూడా ఎక్కడో ఒకచోట ఉన్నట్టే కదా?”

ఈ మాట అడిగినవాడు మంచినీళ్ళ పరీక్షశాలలో ఉద్యోగి, పదమూడు నెలల ఆడపిల్లకి తండ్రి. అడిగింది భార్యని. అప్పుడామె నోట్లో టూత్‌బ్రష్ ఉంది. ఉమ్మేసి, “ఏ పులి?” అంది.

“కింద బోర్డు మీద పెట్టారు. రెండు జానల పొడుగు. నాలుగు పిన్నులు.”

“ఎవరు పెట్టారు?”

“ఇంకెవరు, టేపు పెద్దమ్మే.”

ఆమె బ్రష్ మళ్ళీ నోట్లో పెట్టుకోలేదు. పెద్దమ్మ పెట్టిందంటే ఇక తిరుగులేదని ఆ భవనంలో నాలుగంతస్తులవాళ్ళకీ గట్టి నమ్మకం.

టేపు పెద్దమ్మది కింది అంతస్తులో వెనకవైపు గది. నలభై ఏళ్ళుగా బస్సు డ్రైవర్లకీ కండక్టర్లకీ యూనిఫారాలు కుడుతోంది. మెళ్ళో కొలతల టేపు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు. పెళ్ళిళ్ళకి కూడా అలాగే వెళ్తుంది. పెళ్ళికొడుకు కోటు భుజం దగ్గర పట్టేస్తోందని అక్షింతలు వేస్తూనే చెప్పి వస్తుంది. ముప్ఫై ఏళ్ళ వయసులో కళ్ళు లాగుతున్నాయని వెళ్తే డాక్టరు, “గంటకోసారి దూరంగా చూడమ్మా, లేకపోతే సూదిబెజ్జం కనపడదు” అన్నాడట. ఆ గది కిటికీలోంచి చూడగలిగినంత దూరంలో ఉన్నది భవనం వెనక తోట ఒక్కటే. పేరుకి తోట. నాలుగు పొదలు, వంగిపోయిన అంజూరు చెట్టు, తుప్పుపట్టిన నీళ్ళ టబ్బు. మొదటి ఏడు ఆవిడ ఆకుల్ని చూసింది. రెండో ఏడు ఆకుల మధ్య కదిలేవాటిని చూసింది. మూడో ఏటికి సూదిబెజ్జం సంగతే మర్చిపోయింది.

చూసింది నలుగురికీ చెప్పకపోతే ఆవిడకి అన్నం సహించదు. చెబుదామంటే ఆ గదిలో కలం లేదు, కాగితం లేదు. ఉన్నవల్లా కత్తెర, సుద్దముక్క, పిన్నులు, గోతానికెత్తిన బట్టముక్కలు. ఒకరోజు నీలం శాటిన్ ముక్కా, గోధుమరంగు ముక్కా కత్తిరించి గది బయట బట్ట తొడిగిన బోర్డుకి గుచ్చింది.

“ఏంటి పెద్దమ్మా, బస్సువాళ్ళకి కొత్త యూనిఫారమా?” అని అడిగారు దారినపోయేవాళ్ళు.

“లకుముకి పిట్టరా. పొద్దున టబ్బు అంచు మీద కూచుంది.”

అలా మొదలైంది. పోను పోను దానికి పద్ధతులు కూడా కుదిరాయి. జంతువు ఎంత పొడుగుంటే బట్టముక్క అంతే పొడుగు, అంగుళం తేడా రాకూడదు. రెండు కాళ్ళదానికి రెండు పిన్నులు, నాలుగు కాళ్ళదానికి నాలుగు. పాముకి పిన్ను ఉండదు, దారంతో వేలాడుతుంది. జెర్రి కనపడినరోజు పిన్నుల డబ్బా ఖాళీ అయింది. నెలకోసారి కుట్టిన బట్టల మూట తీసుకుని పల్లెల్లోని డిపోలకి బస్సులో తిరిగొస్తుంది. వచ్చాక దారిలో చూసినవన్నీ బోర్డెక్కుతాయి. గేదె మీద వాలిన కొంగని చూసొచ్చినప్పుడు కొంగకి జేబురుమాలు సరిపోయింది గానీ గేదెకి బోర్డు చాల్లేదు. గేదె కింద కిటికీకి నల్ల దుప్పటి కట్టేసి, మూడు రోజులు ఆ చీకట్లో లైటు వేసుకుని కుట్టుకుంది.

అలాంటి బోర్డు మీద సోమవారం పొద్దున పసుపు బట్ట, నల్ల చారలు. పెద్దమ్మ ఆరింటి బస్సుకి వెళ్ళిపోయింది. శుక్రవారం దాకా రాదు. ఫోను చేస్తే మూసిన షట్టరు వెనక, మిషను సొరుగులోంచి మోగింది.

“ఫోను ఎత్తడం లేదంటే...” అన్నారు రెండో అంతస్తు లెక్కల మాస్టారు. రిటైరయ్యాక భవనం కమిటీకి ఆయనే పెద్ద.

“ఆ మాట అనకండి మాస్టారూ,” అన్నాడు పిల్ల తండ్రి. అప్పటికే అతను లెక్క వేసేశాడు. ఎదిగిన పులి ముక్కు నుంచి తోక దాకా రెండు జానలే ఉండదు. కాబట్టి ఇది పిల్ల. పిల్ల ఉంటే తల్లి ఉంటుంది. పిల్ల దగ్గరున్న తల్లంత ప్రమాదకరమైన జీవి లేదని అతను చదువుకున్నాడు. చదవకపోయినా ఇంట్లో చూస్తూనే ఉన్నాడు.

ఆరోజు నుంచి పిల్లని తోట వైపు బాల్కనీలోకి కూడా రానివ్వలేదు. మధ్యాహ్నం తను ఒక్కడే తలకి గిన్నె లాంటి హెల్మెట్ పెట్టుకుని తోటలోకి వెళ్ళి, పొదకి చిక్కుకున్న వెంట్రుకలు పట్టకారుతో తీసి పరీక్షశాలకి పట్టుకెళ్ళాడు. మైక్రోస్కోపు కింద అవి కాళ్ళు తుడుచుకునే పట్టా పీచులా ఉన్నాయి. కానీ నమూనా చిన్నది. అందుకని రిపోర్టులో నిజాయితీగా, “పులి కాదని నిరూపణ కాలేదు” అని రాశాడు.

ఆ వాక్యం చదివిన దగ్గర్నుంచి పులి పెరగడం మొదలుపెట్టింది. మాస్టారు భోజనమయ్యాక కునుకు తీస్తుంటే తోటలోంచి దగ్గు వినిపించిందట. మూడో అంతస్తు కళ్ళజోళ్ళ షాపాయన పొదల్లోకి దూరిపోతున్న తోకని చూశాడట. కళ్ళజోళ్ళు అమ్మేవాడే చూశానంటుంటే కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? బుధవారం కమిటీ కూచుంది. తోటలో ఉన్నదల్లా నరికించి సిమెంటు వేయించాలని తీర్మానం. రిపోర్టు రాసిన గౌరవం కొద్దీ మొదటి సంతకం పిల్ల తండ్రి చేత పెట్టించారు. కింద మరో ఇరవై ఒక్కమంది పెట్టారు.

“పెద్దమ్మ వచ్చేదాకా ఆగచ్చుగా,” అంది అతని భార్య.

“పులి ఆగుతుందా?”

“ఆవిడకి ఆ తోట తప్ప ఇంకేముంది? పైగా పిల్ల నడక ఎక్కడ నేర్చుకుంటుంది? సోఫా మీదా?”

అతను సోఫా ఎత్తు కొలిచి, దాని ముందు నేలమీద పరుపు వేశాడు.

శుక్రవారం పొద్దున ముగ్గురు మనుషులు పెట్రోలు రంపాలతో వచ్చారు. భవనమంతా వెనక మెట్ల మీద చేరింది. పిల్లని ఇంట్లో వదలడానికి ధైర్యం చాలక అతను ఎత్తుకునే దిగాడు. అప్పుడే పెద్దమ్మ భుజాన మూటతో సందు మలుపు తిరిగింది.

“ఎవరు పోయారు?” అంది జనాన్ని చూసి.

“ఎవరూ పోలేదు. మీరు పెట్టిన పులి కోసమే,” అన్నారు మాస్టారు.

“నేను పులినెక్కడ పెట్టాను?”

ఆవిణ్ణి బోర్డు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని చూసింది.

“ఇది అతుకు నాయనా.”

అందరూ బోర్డు మీదికి వంగారు.

“బోర్డు బట్ట చిరిగింది. గోతంలో చెయ్యి పెడితే ఈ ముక్క వచ్చింది. ఎవరిదో దిండు గలీబుది. బస్సుకి టైమవుతుంటే నాలుగు మూలలా నాలుగు పిన్నులు గుచ్చి పోయాను. ఇప్పుడు కూచుని కుడదామనుకుంటున్నా.” పిన్ను తీసి ముక్క పైకెత్తింది. వెనక చిరుగు కనిపించింది.

అక్కడితో అయిపోవాలి. అవలేదు. నాలుగు రోజులు పులితో కాపురం చేసినవాళ్ళు దాన్ని దిండు గలీబుకి అప్పజెప్పడానికి ఒప్పుకోలేదు.

“అతుకు అతుకే అనుకోండి. మరి నేను చూసిన తోక?” అన్నాడు కళ్ళజోళ్ళాయన.

పెద్దమ్మ మెళ్ళోంచి టేపు తీసింది. “ఎంతుంటుంది?”

ఆయన చేతులు చాపాడు. ఆవిడ కొలిచింది. “యాభై రెండు అంగుళాలు. రెండు జానల పిల్లకి యాభై రెండు అంగుళాల తోకా? నడుస్తూ తొక్కుకోదూ?”

“నేను దగ్గు విన్నాను,” అన్నారు మాస్టారు.

“మీరు పడుకున్నప్పుడు మీ దగ్గు మాకూ వినిపిస్తుంది మాస్టారూ,” అని వెనక నుంచి ఎవరో అన్నారు.

మాస్టారు కాగితం సర్దుకున్నారు. “పులి ఉన్నా లేకపోయినా తీర్మానం తీర్మానమే. మొదటి సంతకం పెట్టినవాడు వెనక్కి తీసుకుంటే తప్ప రద్దు కాదు. నిబంధన.”

అందరూ పిల్ల తండ్రి వైపు తిరిగారు. పులి లేదని అతనికి అర్థమైంది. కానీ పులి ఖాళీ చేసిన చోటులోకి అప్పుడే పాములూ, తేళ్ళూ, టబ్బులో దోమలూ వచ్చి చేరుతున్నాయి. సిమెంటయితే అవేవీ ఉండవు. పెద్దమ్మ అతన్ని బతిమాలలేదు. అంజూరు చెట్టుకేసి చూస్తూ నిలబడింది. టేపుని వేలికి చుడుతోంది, విప్పుతోంది, మళ్ళీ చుడుతోంది.

“నువ్వెప్పుడన్నా ఆ తోటలో కూచున్నావా అబ్బాయ్?” అంది చివరికి.

“సోమవారం వెళ్ళానండి. నమూనాలు తీసుకున్నాను.”

“వెళ్ళావా అని కాదు. కూచున్నావా అని.”

అతను కూచోలేదు. ఇరవై రెండు సంతకాల్లో కూచున్నవాళ్ళది ఒక్కటీ లేదు. భార్య వైపు చూశాడు. ఆమె కళ్ళతోనే పొమ్మంది. పిల్లని గట్టిగా పట్టుకుని, రంపాల వాళ్ళని దాటుకుని వెళ్ళి, పొదల మధ్య గడ్డిలో చతికిలబడ్డాడు.

“ఆయన లేస్తే గానీ మిషను పెట్టం. లోపల పసిపిల్ల ఉంది,” అన్నాడు రంపం మనిషి. ఆ వంకన తనూ మెట్టు మీద కూచున్నాడు.

పిల్ల అతని ఒళ్ళోంచి జారి గడ్డి మీదికి పాకింది. గడ్డి పీకింది. మట్టి రుచి చూసింది. తర్వాత నత్తను నోట్లో పెట్టుకుంది. అతను గుండె చేతబట్టుకుని నోట్లో వేలు పెట్టి బయటికి తీశాడు. ఇద్దరిలో ఎక్కువ భయపడింది నత్తే అనిపించింది. పావుగంట గడిచింది. మొదట పిచ్చుకలు వచ్చాయి, తర్వాత రెండు గోరింకలు గొడవపడుతూ దిగాయి. మెట్ల మీద జనం గుసగుసలు కూడా మానేశారు. అప్పుడు పొదలోంచి ఒక ముంగిస బయటికొచ్చి, పిల్లని చూసి, తండ్రిని చూసి, ఎవరికీ జవాబు చెప్పుకోవలసిన పని లేనట్టు టబ్బు వెనక్కి వెళ్ళిపోయింది.

“అదే తోక,” అన్నాడు కళ్ళజోళ్ళాయన నెమ్మదిగా.

“ఎన్ని అంగుళాలు?”

“పదహారు... పద్ధెనిమిది పెట్టుకోండి.”

“నా సంతకం కొట్టేయండి మాస్టారూ,” అన్నాడు పిల్ల తండ్రి గడ్డిలోంచే. మాస్టారు కొట్టేశారు. కొట్టేసినచోట తేదీ వేసి, తన పొట్టి సంతకం కూడా పెట్టారు. రంపాల వాళ్ళు కాసేపు గోరింకల్ని చూసి వెళ్ళిపోయారు.

సాయంత్రం అతను పిల్లని ఎత్తుకుని పెద్దమ్మ గదికి వెళ్ళాడు. ఆవిడ అతుకు కుట్టేస్తోంది, ఈసారి సన్న కుట్టు. పక్కన ముంగిసకి బూడిదరంగు ముక్క కత్తిరించి ఉంది.

“క్షమించండి పెద్దమ్మా. పిల్ల పుట్టినప్పట్నుంచి ఏది చూసినా భయంగానే ఉంటోంది. ఏం చెయ్యను?”

ఆవిడ దారం పంటితో తెంపింది. “భయపడకు అని నేనంటే మానేస్తావా? మానవు. భయం వేసినప్పుడు మాత్రం నిలబడి ఉండకు. అక్కడే కింద కూచో, పిల్లనీ దింపు, పావుగంట ఏం జరుగుతుందో చూడు. అప్పటికీ భయంగానే ఉంటే లేచి పరిగెత్తు. కాళ్ళు ఎక్కడికీ పోవుగా.”

ఇప్పుడతను కూచుంటున్నాడు. పిల్లకి జ్వరం వచ్చినట్టు అనిపిస్తే థర్మామీటరు పెట్టి మంచం పక్కన నేలమీద కూచుంటాడు. ఆఫీసు నుంచి ఫోను చేస్తే భార్య ఎత్తకపోయినా, గాజుసీసాల మధ్య పరీక్షశాల నేలమీదే చతికిలబడి గడియారం చూసుకుంటాడు. మొదట్లో పై అధికారి కంగారుపడి నీళ్ళు తెప్పించేవాడు. ఇప్పుడు, “పావుగంట,” అని మిగతావాళ్ళకి సైగ చేసి, అతన్ని దాటుకుని వెళ్తున్నాడు.