గాజుకూ టైరుకూ ఒకటే ఉపాయం

మొన్న మా మనవరాలు ఫోను తెచ్చి నా కళ్ళద్దాల ముందు పెట్టింది. కొత్తగా కొనుక్కున్న మోటారు సైకిలుకు టైర్లు ఇంట్లో తానే మార్చుకుంటుందట, అందుకు చేత్తో నడిపే పనిముట్టు ఒకటి కావాలట. నేలకు బిగించే స్టాండు, పొడుగాటి కడ్డీతో తిప్పేది, రిమ్ము గీసుకుపోకుండా తొడుగులున్న చిన్న పట్టీలు, ఇలా బొమ్మలన్నీ జరుపుతూ "తాతా, వీటిల ఏది మంచిది?" అని అడిగితే, నేను బొమ్మలు వదిలేసి, పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న మా ఆవిడ చేతుల వంక చూశాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత మా ఇంట్లో ఆమెకే ఉంది.

మీలో ఎవరైనా ఆ రోజుల్లో బోధన్ చెరకు పొలాల వైపు తిరిగినవాళ్ళుంటే ఫట్‌ఫటి చప్పుడు, అదే మోటారు సైకిలు చప్పుడు, గుర్తుండే ఉంటుంది. అరవైల చివర్లో నేను చక్కెర ఫ్యాక్టరీలో ఫీల్డుమన్‌గా ఉండేవాణ్ణి. ఏ రైతు ఏ రోజు చెరకు నరకాలో రాసిన చిట్టీలు ఊరూరా తిరిగి అందజేయడం నా పని, దానికోసం ఒక పాత ఫట్‌ఫటి ఇచ్చారు. కాలువ గట్ల మీద ఉన్న తుమ్మముళ్ళన్నీ నా టైర్లనే వెతుక్కుంటూ వచ్చేవి. చిట్టీ వేళకు అందకపోతే కూలీలను పిలుచుకుని కూర్చున్న రైతు వంతు దాటిపోతుంది. అలా రెండుసార్లు జరిగేసరికి మా ఆఫీసరు, ఇంకొక్కసారి ఆలస్యమైతే బండి తిరిగి తీసుకుని నన్ను ఫ్యాక్టరీ యార్డులో పడేస్తానని తేల్చి చెప్పాడు.

ఇక పంచరు పని నేనే నేర్చుకోవాలనుకుని నిజామాబాద్ గంజ్ బజారు దగ్గర ఇనుప సామాన్ల దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు రెండు రకాలు చూపించాడు. ఒకటి జానెడుండే, మొనలు గుండ్రంగా అరగదీసిన చిన్న పట్టీల జత, రెండోది లారీ కమాను పట్టీని సాగగొట్టి చేసిన మూరెడు కడ్డీ. కర్రున్నవాడిదే బర్రె అనుకునే వయసు, కడ్డీనే భుజాన వేసుకుని వచ్చాను. దానితో బలమంతా పెట్టి టైరును రిమ్ములోకి ఎక్కిస్తే లోపల ట్యూబు నలిగి మళ్ళీ చిల్లు పడేది. ముల్లు చేసిన బొక్క ఒకటైతే నా కడ్డీ చేసిన బొక్కలు రెండు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. మా ఆవిడ నాయన, మా మామ, మాక్లూర్ చుట్టుపక్కల ఊళ్ళలో గాజుల మలారం భుజాన మోసుకుని తిరిగి అమ్మేవాడు, భీమ్‌గల్ లింబాద్రి గుట్ట జాతరలో దుకాణం పెట్టేవాడు. మాదీ ఆ కులమే, కాకపోతే మా బాపు చిన్న నౌకరీ దొరకగానే మలారం దించేశాడు, ఆ మాత్రానికే నాకు తల తిరిగింది. పెళ్ళయి మా ఆవిడను ఫ్యాక్టరీ క్వార్టర్లకు తీసుకొచ్చిన రోజే, మీ నాయన గాజులమ్ముతాడని ఇక్కడ ఎవరికీ చెప్పొద్దన్నాను. ఆమె "సరే" అంది, అంతే. ఆ తర్వాత మా మామ ఎప్పుడొచ్చినా మలారం ఎక్కడో దించి ఉత్త చేతులతోనే వచ్చిపోయేవాడు.

ఒకరోజు పొద్దున్నే సంచిలో చిట్టీలు, వాకిట్లో విప్పిన చక్రం, ఇంట్లో మిగిలింది ఒకే ఒక్క ట్యూబు. నేను కడ్డీ దూర్చి గుంజుతున్నాను. తల రుద్దుకోవడానికి కుంకుడు రసం పిసుకుతున్న మా ఆవిడ కాసేపు చూసి, గిన్నెతో సహా వచ్చి కూర్చుంది.

"గుంజకుండ్రి. ఇరుకు గాజు ఎక్కియ్యాలంటే గాజును గుంజుతమా? గుంజితె పల్గుతది. అవతల దిక్కు పిసికితె ఇవతల దిక్కు అదే ఎక్కుతది."

టైరు అంచంతా నురగ రాసింది, నా చేత అవతలి అంచును మోకాళ్ళతో రిమ్ము మధ్య గుంటలోకి అదిమించింది. బొటనవేలి కీలును అరచేతిలోకి మడిచి గాజు ఎక్కిస్తారే, అచ్చం అలాగే. ఇవతల టైరు వదులైంది, చివరి జానెడు ఆమె బొటనవేళ్ళతోనే లోపలికి జారిపోయింది. చిట్టీలు ఆ రోజు వేళకు అందాయి, బండి నాకే మిగిలింది. మరుసటి ఆదివారం ఆమెను గంజ్‌కు తీసుకెళితే, మొనలను వేలితో తడిమి చూసి చిన్న పట్టీల జత ఏరింది.

నెల తిరక్కుండానే పక్క క్వార్టరు ఫీల్డుమన్ తన చక్రం తెచ్చి, నేను పని చేస్తుంటే నోరు తెరిచి చూసి, "ఎవల్దగ్గర నేర్సుకున్నవన్నా?" అన్నాడు. తలుపు వెనక గాజుల చప్పుడు ఆగిపోయింది. ఏ మిస్త్రీ పేరైనా చెప్పి తప్పించుకోవచ్చు, గొంతు దాకా వచ్చింది కూడా.

"మా ఆమె దగ్గర. మా మామ గాజులమ్ముతడు, ఆయన చేతి విద్దె ఇది," అన్నాను.

ఈ మాట ఆయనకు ఎలా చేరిందో, ఆ తర్వాతి వారం మా మామ మొదటిసారి మలారంతో సహా మా అరుగు మీద దిగాడు. క్వార్టర్ల ఆడవాళ్ళంతా ఆయన ముందు చేతులు చాపి కూర్చుంటే, మా ఆవిడ అందరికీ మంచినీళ్ళిస్తూ ఆ రోజంతా ఇంట్లో నిలవలేదు. పెళ్ళయ్యాక ఆమె అంత గట్టిగా నవ్వగా నేను వినడం అదే మొదలు.

మనవరాలికి చిన్న పట్టీలే కొనమని చెప్పాను, అవతలి అంచు అదిమే ఉపాయం నాయనమ్మను అడిగి నేర్చుకోమన్నాను. ఆ మాటకు మా ఆవిడ నవ్వుతూ చేయి దించితే రెండు గాజులు జారి చిక్కుడుకాయల్లో పడ్డాయి. ఒకప్పుడు నురగ రాస్తే తప్ప ఆ చేతికి ఎక్కని కొలత అది. ఏరి మళ్ళీ నేనే తొడిగాను. పిసకనక్కరలేదు, మడవనక్కరలేదు, ఏ ఉపాయమూ లేకుండా ఎక్కేశాయి, అలా ఎక్కినందుకే నాకు ఏడుపొచ్చింది.