గేటుకు కట్టేసిన పుట్టి

వరదలో కొట్టుకుపోతున్న ఓడను ఒంటిచేత్తో ఒడ్డుకు లాగినవాణ్ని దిల్‌సుఖ్‌నగర్ మొత్తానికీ నేనొక్కణ్నే. పార్కులో చాలామందికి ఇలాగే చెప్పాను. ఓడ కాదు లెండి, పుట్టి. చెరువుల్లో చేపలు పట్టేవాళ్లు వెదురుతో అల్లి తారు పూసుకునే గుండ్రటి పడవ. నేను లాగిందీ లేదు. పైచెరువు పొంగి మా వీధిలో మోకాళ్లలోతు నీళ్లు పారితే, అదే వచ్చి మా గేటుకు తగిలి ఆగింది. మా ఆవిడ బట్టలారేసుకునే తాడు విప్పి కట్టాను. అంతే.

నీళ్లు తీశాక ఊరుకోవలసింది. విశాఖపట్నంలో ఓడల కేసులు వాదించిన వకీలునని ఇక్కడ అందరికీ చెప్పుకున్నాను. నిజానికి ఆ వకీలు గారి దగ్గర టైపిస్టుని. సముద్రంలో దిక్కులేని పడవను కాపాడినవాడికి దానిమీద హక్కు పుడుతుందని ఎన్ని కాగితాలు కొట్టానో! ఆ ఊపులో ఒక అట్టముక్క మీద రాసి పుట్టికి తగిలించాను: ‘ఈ పడవ రక్షకుడి స్వాధీనంలో ఉంది. ముట్టుకున్నవారిపై చట్టరీత్యా చర్య.’

“వంకాయలు తెమ్మంటే వీధి చివరిదాకా నడవలేరు గానీ, మీకు పడవలు కావాల్సొచ్చాయా?” అంది మా ఆవిడ.

ఎదురింటి ఆటో అతను నల్లగొండ మనిషి. “తాతా, గీ పుట్టి జర పక్కకు జరుపుండ్రి, ఆటో పోతలేదు” అన్నాడు.

“సముద్ర చట్టం ప్రకారం కదపకూడదయ్యా.”

“సముద్రం ఏడుంది తాతా? గిది గడ్డిఅన్నారం పోయే తొవ్వ!”

రెండు రోజులు చూసి, విసుగెత్తి పోలీసులకు ఫోన్ చేశాడు. వచ్చిన కానిస్టేబుల్ ఎవరిదని అడిగితే, తెలియదంటే సరిపోయేది. నేను రెండు పేజీలు రాసిచ్చాను, వాక్యానికొక హక్కు చొప్పున. పుట్టిని ట్రాలీలో వేసుకుని ఠాణాకు తీసుకుపోయారు.

ఆ మర్నాడు పుట్టి గలాయన వచ్చాడు. వరదకు అతని గుడిసె కూడా మునిగిందట, అందుకే ఆలస్యం. ఫోన్లో ఫోటో చూపించాడు: అదే పుట్టి, అడుగున ఫ్లెక్సీ బ్యానరు ముక్కతో వేసిన అదే మాసిక.

“చెరువు నిండినంకనే మాకు పని సార్. గీ నెల పోతే మల్ల వచ్చే వానలకే. జర ఇప్పియ్యుండ్రి.”

ఇద్దరం ఠాణాకు పోయాం. “హక్కున్నదని మీరే రాసిచ్చిండ్రు కదా పెద్దాయనా, గిప్పుడు లేదంటే ఎట్ల? తగాదా ఉన్నదని కోర్టుకు కాగితాలు పంపినం. ఆడికెళ్లి ఆర్డర్ రావాలె” అన్నాడు కానిస్టేబుల్.

“అబద్ధం రాశాను బాబూ. నేను వకీలునీ కాదు, ఏమీ కాదు.”

“గది గూడ రాసియ్యుండ్రి, ఫైల్ల పెడ్త.”

రాసిచ్చాను. ఫైలు లావెక్కింది, పుట్టి కదల్లేదు.

పార్కులో ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. కాపాడినవాడికి దక్కేది బహుమానమే, పడవ ఎప్పటికీ సొంతదారుదే. ఆ వాక్యం కూడా నా వేళ్లతోనే కొట్టాను, ఎన్నోసార్లు. అట్టముక్క మీద మాత్రం రాయలేదు.

ఠాణా ఆవరణలో పట్టుబడిన స్కూటర్ల మధ్య పుట్టి బోర్లా పడి ఉంది. పుట్టి గలాయన పక్కన కూర్చుని, ఎండకు మెత్తబడిన తారును బొటనవేలితో పగుళ్లలోకి నొక్కుతున్నాడు.

“ఎండితే వెదురు విచ్చుకుంటది సార్. ఎన్ని దినాలైతది?”

నోటికొచ్చిన అంకె చెప్పడం నాకు అలవాటే. ఆ పూట మాత్రం తెలియదన్నాను.

“మీరు దగ్గర్నే ఉంటరు కదా. రోజు ఇన్ని నీళ్లు సల్లుండ్రి” అన్నాడు.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే రెండు సీసాల నీళ్లు పట్టుకుని వెళ్తున్నాను. కొన్నాళ్లు పోనిచ్చారు. నిన్న కానిస్టేబుల్ గేటు దగ్గరే ఆపాడు. “సాక్ష్యం మీద నీళ్లు పోయొద్దంటున్నడు మా సార్. పోండ్రి పెద్దాయనా.”

గేటు ఊచల్లోంచి చూశాను. మాసిక పక్కన కొత్త చీలిక కనిపిస్తోంది. పుట్టి గలాయనకు ఫోన్ చేసి చెప్పాలి. ఇంకా చేయలేదు.