జంజం సీసా

సిద్దిపేటలో ఖాజాబీ ఉండే గల్లీలో ఎవరి ప్రాణం పోతున్నా, నోట్లో పోయడానికి మక్కా నుంచి వచ్చిన పవిత్ర జంజం నీళ్ల కోసం ఆమె దగ్గరికే వచ్చేవారు. చెంచాడు ఇచ్చినప్పుడల్లా సీసాలో మళ్లీ అన్నే మామూలు నీళ్లు పోసేది. కలిసినవీ జంజమే అవుతాయని పెద్దలు చెప్పారు. మొన్న భర్త ఖుతుబుద్దీన్ నోట్లోనూ ఆ నీళ్లే పోసింది. ఆయన పోయాక, అవి అసలు జంజమేనా అన్న దిగులు పట్టుకుంది.

మనవరాలు తాహెరా మిశ్రమాల పాఠం చదువుతుంటే ఖాజాబీ అడిగింది.

“నీళ్లల్ల నీళ్లు పోస్తే గది మిశ్రమమేనా, బిడ్డా?”

“నీకేమన్న పరీక్ష ఉన్నదా దాదీ? గది మిశ్రమం గాదు, అంత ఒక్కటే పదార్థం.”

“మరి ముందుగాల ఉన్నయేవో తెలుస్తదా?”

“ఎవ్వలు వేరు చెయ్యలేరు.”

సాయంత్రం పక్కింటి మహబూబీ, మామకు బాగలేదని గిన్నె పట్టుకొని వచ్చింది. ఖాజాబీ చెంచాడు పోసి ఇచ్చింది. సీసాలో మాత్రం మళ్లీ నీళ్లు పోయలేదు.